పాడుబడిన ఇంటికీ ఒక యజమాని ఉంటాడు

ఏ నగరంలోనైనా కాస్త పాతబడిన వీధిలో నడిస్తే అలాంటి ఇల్లు ఒకటైనా కనిపిస్తుంది. గేటుకు తుప్పు పట్టిన తాళం, అద్దాలు పగిలిన కిటికీలు, ప్రహరీ దాటి రోడ్డు మీదికి వాలిన కొమ్మలు. పక్కన ఖాళీ జాగా ఉంటే అందులో ఇంటి చెత్త, పాత టైర్లు, ఎవరో తెచ్చి పోసిన కట్టడపు రాళ్లూ సిమెంటు పెళ్లలూ. దిక్కులేని ఆస్తి అని చుట్టుపక్కలవాళ్లు వదిలేస్తారు. చాలాసార్లు అది నిజం కాదు. పన్నుల రిజిస్టర్ తిరగేస్తే ఆ ఇంటికి ఎదురుగా ఒక పేరు ఉంటుంది. ఆ పేరుగల మనిషి ఎప్పుడో చనిపోయి ఉండవచ్చు, వేరే దేశంలో స్థిరపడి ఉండవచ్చు, దివాలా తీసిన కంపెనీ కావచ్చు. ఒక్కోసారి ఆ పేరు ప్రభుత్వానిదే కావచ్చు.

అందుకే ఈ సమస్యను శుభ్రత కోణంలోంచి మాత్రమే చూస్తే సగమే అర్థమవుతుంది. ఏమీ చేయకుండా కూర్చోవడం యజమానికి చవకగా, ఇరుగుపొరుగుకు ఖరీదుగా ఉన్నచోట ఇళ్లు పాడుబడతాయి. ఈ లెక్క ఎందుకిలా తయారవుతుందో, దాన్ని మార్చడానికి ఎవరు ఏం చేశారో చూద్దాం.

ముందు ఖాళీగా ఉన్న ఇంటికీ వదిలేసిన ఇంటికీ తేడా గుర్తించాలి. అద్దెకు మనుషుల కోసం ఎదురుచూస్తున్న ఇల్లు, అమ్మకానికి పెట్టిన ఇల్లు, మరమ్మతు జరుగుతున్న ఇల్లు కూడా జనాభా లెక్కల్లో ఖాళీ ఇళ్లే. జపాన్ 2023లో జరిపిన గృహ సర్వేలో దాదాపు 90 లక్షల ఖాళీ ఇళ్లు తేలాయి. దేశంలోని మొత్తం ఇళ్లలో అది 13.8 శాతం. ఆ అంకె ప్రపంచమంతా వార్తయింది. కానీ అద్దెకూ అమ్మకానికీ ఉన్నవాటిని, సెలవుల్లో ఉండే ఇళ్లను తీసేస్తే, ఏ ఉద్దేశమూ లేకుండా వదిలేసినవి సుమారు 38 లక్షలు. సమస్య ఉన్నది ఈ రెండో అంకెలో. మొదటి అంకెను చూపించి భయపెట్టేవాళ్లను, ఇన్ని ఇళ్లు ఖాళీగా ఉంటే ఇళ్ల కొరత ఎక్కడిదని వాదించేవాళ్లను కొంచెం జాగ్రత్తగా వినాలి. ఖాళీ ఇల్లు ఉన్న ఊరు ఒకటి, ఇల్లు కావలసిన మనిషి ఉన్న ఊరు మరొకటి కావడం చాలా మామూలు.

ఇక వదిలేయడానికి కారణాలు. అన్నింటికన్నా మొండిది వారసత్వం. తాత పేరున ఉన్న ఇల్లు నలుగురు పిల్లలకు, వాళ్ల నుంచి పదిమంది మనవలకు వాటాలుగా విడిపోతుంది. అమ్మాలంటే అందరి సంతకాలూ కావాలి. ఒకరు విదేశంలో ఉంటారు, ఇద్దరికి మాటల్లేవు, ఒకరు కోర్టుకెక్కారు. పైకప్పు బాగు చేయించడానికి డబ్బు పెట్టినవాడికి వాటా పెరగదు కాబట్టి ఎవరూ పెట్టరు. ఎవరినీ తప్పు పట్టలేని స్థితిలో ఇల్లు కూలుతుంది. ఆస్తి మార్పిడి రిజిస్టర్ కాకపోతే రెండు తరాల తర్వాత అసలు హక్కుదారులెవరో తేల్చడమే అసాధ్యమవుతుంది. యజమాని ఆచూకీ దొరకని భూమి మొత్తం కలిపితే క్యూషూ దీవికన్నా పెద్దదని జపాన్‌లో ఒక అధ్యయన బృందం 2017లో అంచనా వేసింది. వారసత్వంగా వచ్చిన స్థిరాస్తిని రిజిస్టర్ చేయించుకోవడం అక్కడ 2024 ఏప్రిల్ వరకూ తప్పనిసరి కాదు.

రెండో కారణం, ఇంటి విలువకన్నా దాని మీద ఉన్న భారం ఎక్కువ కావడం. బ్యాంకు తాకట్టు, పన్ను బకాయి, మరమ్మతు ఖర్చు కలిపితే ఇల్లు అమ్మినా తీరనంత అయినప్పుడు, తాళం వేసి వెళ్లిపోవడమే యజమానికి నష్టం తక్కువ. నగరమే జనాన్ని పోగొట్టుకుంటున్నప్పుడు ఇది వీధుల కొద్దీ జరుగుతుంది. 1950లో పద్దెనిమిదిన్నర లక్షల మంది ఉన్న అమెరికా నగరం డెట్రాయిట్‌లో 2020 నాటికి 6,39,111 మంది మిగిలారు. కార్ల పరిశ్రమ తరలిపోవడం, జాతి వివక్ష, శివార్లకు వలస, 2008 గృహరుణాల సంక్షోభం ఒకదాని మీద ఒకటి వచ్చిపడ్డాయి. నగరం దివాలా ప్రకటించిన మరుసటి ఏడాది, 2014లో, ఒక కార్యదళం దాదాపు 3,80,000 ఆస్తులను వీధివీధీ తిరిగి పరిశీలించింది. వాటిలో 84,641 కట్టడాలు, స్థలాలు పాడుబడినవిగానో పాడుబడే దారిలో ఉన్నవిగానో తేలాయి.

మూడో కారణం దీనికి పూర్తిగా వ్యతిరేక దిశలో పనిచేస్తుంది. ధరలు దూసుకుపోతున్న నగరాల్లో ఖాళీ జాగా ఒక పొదుపు ఖాతా. కట్టి అద్దెకిస్తే తలనొప్పులు, ఊరకే ఉంచితే విలువ దానంతటదే పెరుగుతుంది. రోడ్డు వేసింది ప్రభుత్వం, మెట్రో తెచ్చింది ప్రభుత్వం, చుట్టూ దుకాణాలూ బళ్లూ పెట్టింది ఇతరులు. ఆ పెరుగుదల మాత్రం చెత్తకుప్పగా మారిన ప్లాటు యజమానిది. కాబట్టి పాడుబడిన స్థలాన్ని చూడగానే ఈ ప్రాంతం చచ్చిపోతోందని తేల్చేయకూడదు. ఊరి మధ్యలో ముళ్లకంచె వేసుకుని పడి ఉన్న ప్లాటు ఆ ఊళ్లోకెల్లా ఖరీదైనది కావచ్చు.

నాలుగోది, పన్ను నిబంధనే తప్పు దారి చూపించడం. జపాన్‌లో ఇల్లున్న స్థలానికి, మొదటి 200 చదరపు మీటర్ల వరకు, భూమి పన్ను లెక్కగట్టే విలువను ఆరో వంతుకు తగ్గిస్తారు. ఇళ్ల కొరత ఉన్న రోజుల్లో ఇళ్లు కట్టించడానికి పెట్టిన రాయితీ అది. జనాభా తగ్గడం మొదలయ్యాక అదే నిబంధన శిథిలాలకు కాపలాదారైంది. ఇల్లు కూల్చితే కూల్చివేత ఖర్చుతోపాటు భూమి పన్ను కూడా అమాంతం పెరుగుతుంది. ఎవరు కూలుస్తారు? 2015లో అమల్లోకి వచ్చిన చట్టం ప్రమాదకరమైన ఖాళీ ఇళ్లకు ఈ రాయితీ ఎత్తివేసే అధికారాన్ని స్థానిక సంస్థలకు ఇచ్చింది. 2023లో చేసిన సవరణతో, ప్రమాదకర స్థితికి చేరబోతున్న ఇళ్లనూ దాని పరిధిలోకి తెచ్చారు.

ఆ సవరణలో తెలివి ఎక్కడుందో తెలియాలంటే ఇల్లు ఎలా చస్తుందో దగ్గరగా చూడాలి. మనుషులు ఉన్న ఇంట్లో రోజూ జరిగే చిన్న చిన్న పనులు కంటికి కనబడవు. ఎవరో కిటికీ తెరుస్తారు, ఎవరో డాబా మీది ఆకులు ఊడుస్తారు, గోడ మీద తడి మచ్చ కనిపిస్తే మేస్త్రీని పిలుస్తారు. ఇవి ఆగిపోయిన ఇంట్లో చావు దాదాపు ఎప్పుడూ పైనుంచే మొదలవుతుంది. వాన నీరు పోయే తూము ఆకులతో పూడుకుంటుంది. డాబా మీద నీళ్లు నిలుస్తాయి. నిలిచిన నీరు ఒక సన్నని పగులు వెతుక్కుంటుంది. పిట్టలు వేసిన రెట్టలోంచి రావి మొక్కో మర్రి మొక్కో ఆ పగులులోనే మొలుస్తుంది, దాని వేరు పగులును వెడల్పు చేస్తుంది. నీరు కాంక్రీటులోని ఇనుప కడ్డీని చేరుతుంది. తుప్పు ఇనుముకన్నా రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి కడ్డీ లోపలినుంచి ఉబ్బి, కింది కాంక్రీటును పెచ్చులుగా రాల్చేస్తుంది. కడ్డీ బయటపడ్డాక తుప్పు వేగం ఇంకా పెరుగుతుంది. కర్ర దూలాల ఇల్లయితే కడ్డీ బదులు చెదలూ బూజూ ఆ పని చేస్తాయి.

ఈలోగా దొంగలు వస్తారు. ముందు కుళాయిలు, తర్వాత రాగి తీగలు, గొట్టాలు, కిటికీ చట్రాలు, తలుపులు. ఒక గదిలో తీగ లాగడానికి గోడ పగలగొడితే, దొంగకు వచ్చే డబ్బుకన్నా ఆ గోడ బాగు చేయించే ఖర్చు ఎన్నో రెట్లు ఎక్కువ. తలుపులు పోయిన ఇంట్లోకి వాన పక్కనుంచి కూడా వస్తుంది. మొదటి ఏడాది తూము శుభ్రం చేయించే కూలితో నిలబడే ఇల్లు కొన్నేళ్లకు కొత్త పైకప్పు అడుగుతుంది, ఇంకొన్నేళ్లకు కూల్చివేత తప్ప మరేదీ అడగదు. ప్రభుత్వాలు నోటీసు పంపేది సాధారణంగా ఈ చివరి దశలో. అప్పటికి పని చేయించే స్తోమత యజమానికి ఉండదు, పని చేయించి లాభమూ ఉండదు. జోక్యం ఎంత తొందరగా జరిగితే అంత చవక అన్నదే ఈ మొత్తం వ్యవహారంలో నాకు అతిముఖ్యంగా తోచే విషయం.

ఇల్లు పాడుబడినందుకు మూల్యమంతా యజమానే చెల్లిస్తే సమస్య ఇంత పెద్దది కాదు. చెల్లించేది పక్కింటివాళ్లు. ఖాళీ జాగాలో పడి ఉన్న టైరులో, పెరుగు డబ్బాలో నిలిచిన కొద్దిపాటి నీరు డెంగీ దోమకు చాలు. గుడ్డు నుంచి దోమ కావడానికి పది రోజులైనా అక్కర్లేదు, నీరు ఎండినా గుడ్లు నెలల తరబడి బతికే ఉంటాయి. అమెరికాలోని ఆస్టిన్ నగరంలో ఒక పేద ప్రాంతంలోని 59 వదిలేసిన ఇళ్లను పరిశీలించిన అధ్యయనం 1993లో వచ్చింది. వాటిలో 41 శాతం ఇళ్లలోకి ఎవరైనా ఇట్టే వెళ్లగలిగే వీలుంది. అలా తెరిచి ఉన్న ఇళ్లలో 83 శాతం చోట్ల అక్రమ కార్యకలాపాల ఆనవాళ్లు దొరికాయి. తెరిచి ఉన్న పాడు ఇళ్లు గల వీధుల్లో నేరాలు, అలాంటివి లేని సాటి వీధులకన్నా రెట్టింపు నమోదయ్యాయి.

నిప్పు మరీ ఘోరం. 1999 డిసెంబరు 3న మసాచుసెట్స్‌లోని వూస్టర్‌లో వాడకంలో లేని ఒక శీతల గిడ్డంగికి మంటలంటుకున్నాయి. అందులో తలదాచుకున్న ఇద్దరు నిరాశ్రయుల కొవ్వొత్తి పడి మంట రేగింది, వాళ్లు అప్పటికే వెళ్లిపోయారు. లోపల మనుషులుండవచ్చని విని వెతకడానికి వెళ్లిన అగ్నిమాపక సిబ్బంది కిటికీల్లేని ఆ భవనంలో దారి తప్పారు. ఆరుగురు చనిపోయారు. ఖాళీ భవనం అనుకున్నది నిజంగా ఖాళీయో కాదో బయటనుంచి ఎవరూ చెప్పలేరు.

జోహానెస్‌బర్గ్ దాన్ని మరింత కఠినంగా చూపించింది. 2023 ఆగస్టు 31 తెల్లవారుజామున ఉసిండిసో అనే అయిదంతస్తుల భవనం కాలిపోయి 76 మంది మరణించారు. ఆ భవనం యజమాని నగర పాలక సంస్థే. వాళ్లు నిర్వహణ వదిలేశాక అది అక్రమంగా అద్దెలు వసూలు చేసేవాళ్ల చేతుల్లోకి పోయింది. నీళ్లు, మంటలార్పే సామగ్రి, బయటపడే దారులు సరిగా లేని ఆ భవనంలో వందలమంది పేదలు, వలస వచ్చినవాళ్లు రేకులతో, కర్రపలకలతో గదులు కట్టుకుని ఉన్నారు. వాళ్లను ముందే ఖాళీ చేయించి ఉంటే సరిపోయేదని అనడం తేలిక. ఖాళీ చేయిస్తే ఎక్కడికి పోతారు? ప్రైవేటు భవనంలోంచి గెంటేసినా సరే, దిక్కులేనివాళ్లకు తాత్కాలిక నివాసం చూపించే బాధ్యత నగరానిదేనని దక్షిణాఫ్రికా రాజ్యాంగ న్యాయస్థానం 2011లోనే తేల్చిచెప్పింది. ఆ బాధ్యతను నగరం నెరవేర్చలేదు. పాడుబడిన భవనాల గురించి మాట్లాడేటప్పుడు అందులో ఉంటున్న మనుషుల్ని చెత్తలో భాగంగా లెక్కగట్టే ధోరణి కనిపిస్తుంటుంది, దాన్ని నేను ఒప్పుకోలేను.

పరిష్కారాల్లో ఎక్కువ నమ్మకమిచ్చేవి ఆశ్చర్యంగా చిన్నవి. ఫిలడెల్ఫియాలో పెన్సిల్వేనియా ఉద్యాన సంఘం నగరంతో కలిసి వేల ఖాళీ స్థలాల్లో చేస్తున్న పని చూడండి. చెత్త తీసేస్తారు, నేల చదును చేస్తారు, గడ్డి విత్తుతారు, రెండు మూడు చెట్లు నాటుతారు, చుట్టూ నడుము ఎత్తు కూడా లేని కర్ర కంచె వేస్తారు. కంచెలో మనుషులు వెళ్లడానికి సందు ఉంటుంది, చెత్త తెచ్చే వాహనానికి మాత్రం దారి ఉండదు. తర్వాత ఎప్పటికప్పుడు గడ్డి కోస్తారు. అంతే. దీని ప్రభావాన్ని 541 స్థలాలను లాటరీ పద్ధతిలో గుంపులుగా విడదీసి పరీక్షించారు, కొత్త మందును పరీక్షించినట్టే. ఫలితాలు 2018లో వెలువడ్డాయి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న ప్రాంతాల్లో, బాగు చేసిన స్థలాల చుట్టూ తుపాకీ హింస 29 శాతం తగ్గింది. పక్క వీధులకు ఆ నేరాలు తరలిపోయిన ఆధారం దొరకలేదు. పచ్చదనం వచ్చిన స్థలాల దగ్గర ఉంటున్నవాళ్లలో తమకు దిగులుగా ఉందని చెప్పినవారు 41.5 శాతం తగ్గారు.

అదే నగరం 2011లో మరో నిబంధన అమల్లోకి తెచ్చింది. ఖాళీ భవనానికి కర్రపలకలు కొట్టి వదిలేస్తే కుదరదు, పనిచేసే తలుపులూ కిటికీలూ బిగించాల్సిందే. ఆ ఆజ్ఞను పాటించిన భవనాల చుట్టూ దాడులు తగ్గాయని తర్వాత జరిపిన పరిశోధన చెప్పింది. పలకలు కొట్టిన ఇల్లు ఇక్కడ ఎవరూ లేరని దారిన పోయేవాళ్లందరికీ చాటుతుంది. తలుపూ కిటికీ ఉన్న ఇంటి మీద ఎవరిదో కన్నుంది. పైగా తలుపులకూ కిటికీలకూ ఖర్చు పెట్టాల్సి వచ్చిన యజమాని అమ్మడం గురించి మొదటిసారి తీరిగ్గా ఆలోచిస్తాడు. హక్కుల చిక్కుముడి విప్పేదాకా ఆగకుండా, ఆ ఇంటి ముఖాన్ని ముందు బాగు చేయవచ్చన్నది ఈ రెండు అనుభవాలు నేర్పిన పాఠం.

చిక్కుముడిని మాత్రం ఎప్పుడో ఒకప్పుడు విప్పాలి. మిషిగన్ రాష్ట్రంలో 1999కి ముందు పన్ను కట్టని ఆస్తి తేలడానికి ఆరేడేళ్లు పట్టేది. బకాయిలు వసూలు చేసుకునే హక్కును పెట్టుబడిదారులు కొనుక్కునేవారు, ఇంటిని మాత్రం ఎవరూ చూసుకునేవారు కాదు. చట్టం మార్చి ఆ గడువును మూడేళ్ల లోపుకు కుదించారు, ఆస్తి స్పష్టమైన హక్కుతో కౌంటీకి, అంటే మన జిల్లా లాంటి స్థానిక పాలనా విభాగానికి, చేరేలా చేశారు. ఫ్లింట్ నగరమున్న జెనెసీ కౌంటీలో అప్పటి కోశాధికారి డాన్ కిల్డీ చొరవతో భూమి బ్యాంకు పుట్టింది. వదిలేసిన ఆస్తులను ఒకే సంస్థ చేతికి తెచ్చి, బాగున్నవాటిని అమ్మడం, బాగుపడనివాటిని కూల్చడం, మిగిలినవాటిని పక్కింటివాళ్లకు ఇవ్వడం దాని పని. డెట్రాయిట్ భూమి బ్యాంకు ఇంటిని ఆనుకుని ఉన్న ఖాళీ స్థలాన్ని ఆ ఇంటి యజమానికి 100 డాలర్లకే అమ్ముతుంది. వేలంలో ఎక్కువ పాడినవాడికి ఇస్తే దూరాన ఉన్న వ్యాపారి కొని మళ్లీ ముళ్లపొదలకే వదిలేస్తాడు. రోజూ ఆ స్థలాన్ని చూస్తూ ఉండే మనిషికి ఇస్తే మర్నాడే గడ్డి కోస్తాడు. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. పాత ఇల్లు కూల్చిన నేలలో సీసం కలిసిన రంగు పెచ్చులు ఉండే అవకాశం ఎక్కువ. అక్కడ కూరగాయలు పెంచాలంటే మట్టిని పరీక్ష చేయించాలి, లేదా పైన కొత్త మట్టితో మడులు కట్టుకోవాలి.

ఆస్తి స్వాధీనం చేసుకునే అధికారం పదునైన కత్తి. మినియాపొలిస్‌లో 94 ఏళ్ల వృద్ధురాలి అపార్ట్‌మెంటును సుమారు 15,000 డాలర్ల పన్ను, వడ్డీ, జరిమానాల కింద కౌంటీ లాక్కుంది. 40,000 డాలర్లకు అమ్మి, మిగిలిన 25,000 కూడా తనదే అంది. అది చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు 2023లో ఏకగ్రీవంగా తీర్పిచ్చింది. పాడుబడిన ఇళ్లను రాబట్టుకోవడానికి చేసిన చట్టం, పన్ను కట్టలేక అందులోనే బతుకుతున్న పేదల మీద పడకుండా ఉండాలంటే ఇంట్లో మనిషి ఉన్నాడా లేడా అన్నది మొదటి ప్రశ్న కావాలి. వాళ్లకు వాయిదాలు, మినహాయింపులు. ఎవరూ లేని ఇంటికి వేగం.

ఇక ధర పెరుగుతుందని స్థలాన్ని బిగబట్టుకున్న యజమాని సంగతి. అతడికి నోటీసు పట్టదు, లెక్క పడుతుంది. భూమి విలువ సమాజం సృష్టించినది కాబట్టి పన్నును భవనాల మీద కాకుండా భూమి మీద వేయాలని అమెరికన్ ఆర్థిక చింతకుడు హెన్రీ జార్జ్ 1879లో వాదించాడు. అమెరికా నగరం పిట్స్‌బర్గ్ 1913 నుంచి 2001 వరకూ భూమికి ఎక్కువ రేటు, భవనానికి తక్కువ రేటు అమలు చేసింది. ఒక దశలో భూమి రేటు భవనం రేటుకు అయిదు రెట్లు దాటింది. అలాంటిచోట ఖాళీ స్థలానికీ పక్కనున్న అపార్ట్‌మెంటు కింది స్థలానికీ భూమి పన్ను ఒకటే కాబట్టి ఊరకే ఉంచుకోవడం భారమవుతుంది. ఆ విధానం ఆగిపోయింది సిద్ధాంతం తప్పయి కాదు. విలువలు ఏళ్ల తరబడి సవరించక, చివరికి ఒక్కసారిగా సవరించేసరికి చాలామంది బిల్లులు ఎగబాకి జనం తిరగబడ్డారు. కెనడాలోని వాంకూవర్ 2017 నుంచి ఖాళీ ఇళ్ల మీద ప్రత్యేక పన్ను వేస్తోంది. మొదట ఇంటి విలువలో 1 శాతం, తర్వాత 3 శాతం. అక్కడ ఖాళీ ఇళ్లు గణనీయంగా తగ్గాయి. జనం వెళ్లిపోతున్న నగరంలో ఇదే పన్ను వేస్తే అద్దెకు వచ్చేవాళ్లు లేని యజమాని ఇల్లు వదిలేసి పారిపోతాడు. రెండు రకాల నగరాలకు ఒకే మందు రాయడం ఈ రంగంలో తరచుగా జరిగే పొరపాటు.

కూల్చడం కన్నా నిలబెట్టడం మేలైన చోట్లు కూడా చాలా ఉన్నాయి. జర్మనీ ఏకీకరణ తర్వాత లైప్జిగ్ పదేళ్లలోపే లక్ష మంది దాకా జనాన్ని పోగొట్టుకుంది. 2000 నాటికి అక్కడ దాదాపు 60,000 ఫ్లాట్లు ఖాళీ. వాటిలో వందేళ్ల నాటి అందమైన భవనాలెన్నో. 2004లో మొదలైన ఒక పౌర సంఘం యజమానులతో సరళమైన ఒప్పందం కుదిర్చింది. కళాకారులు, విద్యార్థులు, చిన్న సంస్థలు అద్దె లేకుండా, నీళ్లూ కరెంటూ లాంటి ఖర్చులు మాత్రం పెట్టుకుని కొన్నేళ్లు ఉంటారు. బదులుగా కిటికీ తెరుస్తారు, కారుతున్న చోటు చూసి చెబుతారు, చిన్న మరమ్మతులు చేసుకుంటారు. యజమానికి భవనం దక్కుతుంది. పైన చెప్పిన తూము, ఆకులు, తడి మచ్చ కథను మొదట్లోనే ఆపే పద్ధతి ఇది. ఆ తర్వాత నగరం మళ్లీ పెరిగింది, జనాభా 6 లక్షలు దాటింది, అద్దెలూ పెరిగాయి. ఒకప్పుడు ఆ భవనాలను కాపాడినవాళ్లలో కొందరికి ఇప్పుడు అక్కడ ఇల్లు అందుబాటులో లేదు. ఖాళీ స్థలాలను పచ్చగా చేసినచోట కూడా ఇదే భయం ఉంటుంది. చవకగా ఉన్నప్పుడే కొంత భూమినీ కొన్ని ఇళ్లనూ ప్రజల చేతిలో, తక్కువ అద్దెల కింద శాశ్వతంగా ఉంచే ఏర్పాటు చేసుకోవాలి. ధరలు లేచాక అది ఏ నగరానికీ తలకు మించిన ఖర్చే.

మీ వీధిలో అలాంటి ఇల్లు ఉంటే పాలక సంస్థను అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. పన్ను రికార్డులో పేరెవరిది, చివరిసారి పన్ను కట్టింది ఎప్పుడు, తాకట్టు గానీ కోర్టు కేసు గానీ ఉందా, లోపల ఎవరైనా ఉంటున్నారా, పైకప్పు ఇంకా నీళ్లను ఆపుతోందా. మొదటి మూడింటికీ జవాబు కార్యాలయంలో ఉంటుంది, చివరి రెండింటికీ వీధిలోనే దొరుకుతుంది. వారసుల తగాదా అయితే జరిమానా వేసి లాభం లేదు, మధ్యవర్తిత్వం కావాలి. ధర కోసం ఆపిన ప్లాటయితే మధ్యవర్తిత్వంతో పనిలేదు, పన్ను కావాలి. పైకప్పు ఇంకా నిలబడి ఉంటే తొందరపడాల్సింది ఇప్పుడే, వచ్చే వానాకాలానికి ముందే.